"వింటేజ్ ఫ్రేమ్, ఫిక్సీకి రెడీ" అంటే అడ్వాన్స్ పంపకండి

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ (ఫిక్సీ, అంటే వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరిగే సైకిల్) కట్టుకుందామని పాత స్టీలు ఫ్రేమ్ కోసం వెతుకుతున్నవాళ్లకు ఈ ముక్క. తళతళలాడే కొత్త రంగు వేసిన పాత ఫ్రేమ్ ఆన్‌లైన్‌లో కనబడితే ఫొటో చూసి పైసలు కొట్టకండి. నేను వెనక చక్రంతో కలిపి తొమ్మిది వేలు పెట్టి కొన్నది ఇప్పుడు గోడకు ఆనించి ఉంది, రోడ్డెక్కే పని లేదు.

1970ల నాటి ఇంగ్లండ్ రేసింగ్ ఫ్రేమ్, ఒక్క దెబ్బ కూడా లేదు అన్నాడు అమ్మినాయన. పోచమ్మమైదాన్ దగ్గర నాకు తెలిసిన మెకానిక్ అన్న హ్యాండిల్ దగ్గర నుంచి పెడళ్ల దాకా వచ్చే గొట్టాన్ని ఒకసారి చేత్తో నిమిరి, "తమ్మీ, ఇక్కడ లప్పం పెట్టిన్రు" అన్నాడు. ఫ్రిజ్‌కు పెట్టుకునే చిన్న అయస్కాంతం తెచ్చి చూశాం. గొట్టం పొడుగునా అంటుకుంటోంది గానీ హెడ్ ట్యూబ్‌కు (హ్యాండిల్ కూర్చునే ముందు గొట్టం) రెండు వేళ్ల కింద మాత్రం జారి పడిపోతోంది. గీకితే తెల్లటి పొడి రాలింది, దాని కింద స్టీలు ముడత పడి ఉంది. ముందు నుంచి దేన్నో గట్టిగా గుద్దిన సైకిల్‌కు ముడత వచ్చేది సాధారణంగా అక్కడే. ఫోన్ చేస్తే "పాతది కదా అన్నా, అట్లనే ఉంటది" అని పెట్టేశాడు, తర్వాత ఎత్తనే లేదు.

చక్రం సంగతి ఇంకా ఘోరం. మామూలు ఫ్రీవీల్‌ను (కాళ్లు ఆపినా చక్రం తిరగనిచ్చే పళ్ల చక్రం) వెల్డింగ్ పెట్టి జామ్ చేసి, దానికే ఫిక్స్‌డ్ అని పేరు పెట్టాడు. అసలైన ట్రాక్ హబ్‌లో, అంటే ఫిక్సీ వెనక చక్రం నడిమి భాగంలో, పళ్ల చక్రం బిగించాక దాని మీద ఎడమ మర లాక్‌రింగ్ ఒకటి వస్తుంది, మనం వేగం తగ్గించడానికి కాళ్లు వెనక్కి ఒత్తినప్పుడు పళ్ల చక్రం ఊడకుండా పట్టుకునేది అదే. ఫ్రీవీల్ హబ్‌కు ఆ రెండో మరే ఉండదు. అంటే కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి దిగుతూ, ముందు బ్రేక్ కూడా లేకుండా, కాళ్లతో ఆపుదామని ఒత్తితే మొత్తం మర ఊడి వచ్చే అవకాశం ఉంది. తర్వాత ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

నిజంగా బాగున్న పాత రేసింగ్ ఫ్రేమ్ దొరికినా కొలతలు అడగండి. ట్రాక్ హబ్‌కు ఫ్రేములో వెనక చక్రం కూర్చునే చోట 120 మి.మీ. సందు కావాలి. పాత ఆరు, ఏడు గేర్ల ఫ్రేముల్లో 126 ఉంటుంది, స్టీలైతే దగ్గరికి వంచుకోవచ్చు, అల్యూమినియం అయితే ముట్టుకోకండి. యాక్సిల్ కూర్చునే గాడి నిలువుగా ఉంటే చైన్ బిగువు సరిచేసుకునే దారి ఉండదు. పాత ఫ్రెంచ్ ఫ్రేముల బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు కూర్చునే చోటు) మరే వేరు, ఆ కప్పుల కోసం తిరగడం పెద్ద టెన్షన్. ఇక మన రాడ్ బ్రేకుల సైకిళ్ల ఫ్రేములను కూడా వింటేజ్ అనే అమ్ముతున్నారు. వాటి 28 అంగుళాల రిమ్ము వ్యాసం 635 మి.మీ., ఇప్పటి 700సీ రిమ్ము 622, కాబట్టి చక్రం మారిస్తే బ్రేక్ ఎక్కడ ఆనుతుందో ముందే చూసుకోవాలి.

మొదటిసారి కట్టేవాళ్లైతే నా ఓటు కొత్త ఫ్రేముకే. చవక స్టీలు బరువుంటుంది, అందం అంతంతే, పాత వాటి లగ్గుల (గొట్టాలను కలిపే జాయింట్ల) పనితనం ముందు వెలవెలబోతుంది, ఒప్పుకుంటా. కానీ గాడి వెనక్కి తెరుచుకుని ఉంటుంది, సందు 120 ఉంటుంది, గొట్టం ఎవరినీ గుద్ది ఉండదు. ముందు ఫోర్కుకు బ్రేక్ రంధ్రం ఉందో లేదో మాత్రం చూసి తీసుకోండి, కొన్ని ట్రాక్ ఫ్రేములకు ఉండదు.

పాతదే కావాలనుకుంటే రంగు వేయకముందు తీసిన ఫొటోలు అడగండి, సీటును మోసే రాడ్డు (సీట్ పోస్ట్) బయటికి వస్తుందో లేదో లాగి చూడండి, కొన్ని తుప్పుతో లోపలే బిగుసుకుపోయి ఉంటాయి. ఫ్రేమును మెకానిక్ షాపుకే తీసుకురమ్మని, పైసలు అక్కడే ఇస్తానని చెప్పండి. ఇది జరిగాక ఇంకో అమ్మకందారును ఇట్లాగే అడిగితే, పొద్దున దాకా "ఎప్పుడైనా రండి అన్నా" అన్న మనిషి సాయంత్రానికి "వేరేవాళ్లకు ఇచ్చేసిన" అన్నాడు. ప్రకటన మాత్రం ఇంకా అట్లనే ఉంది.