భీమిలి నుంచి బొర్రా దాకా గోస్తని వెంట ఒక్క రోజు ట్రిప్: మా అనుభవం

వైజాగ్‌లోనే పుట్టి పెరిగాను. అనంతగిరి ఘాట్ ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు, కాలేజీ రోజుల్లో బైకుల మీద, తర్వాత అద్దాల రైల్లో, ఇంటికి చుట్టాలొస్తే కార్లో. ఎప్పుడు వెళ్ళినా అదే వరస: బొర్రా గుహలు, కాఫీ తోటలు, బొంగు చికెన్, చీకటి పడ్డాక ఇల్లు. ఆ కొండకీ మన ఊరికీ ఉన్న సంబంధం ఏమిటో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. కార్తీకమాసంలో ఒక ఆదివారం అమ్మనీ, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయినీ తీసుకుని ఈ ట్రిప్‌కి వెళ్ళాక ఆ సంగతి తెలిసింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

రిటైరైన సోషల్ మాస్టారొకరు, ఆయన మేనల్లుడు కలిసి నడుపుతున్నారు. ఆఫీసూ బోర్డూ ఏమీ లేవు, తెలిసినవాళ్ళ ద్వారానే బుకింగ్. పన్నెండు సీట్ల వ్యాను, మనిషికి 1,900 రూపాయలు, టిఫినూ భోజనమూ అందులోనే, బొర్రా టికెట్ మాత్రం మనమే కొనుక్కోవాలి. గోస్తని నది సముద్రంలో కలిసే చోట మొదలుపెట్టి, పుట్టిన కొండ దాకా ఎదురు వెళ్ళడం ఈ ట్రిప్ పద్ధతి. వినగానే నాకు నచ్చింది.

తెల్లవారుజామున ఐదుంపావుకి ఎంవీపీ కాలనీలో ఎక్కించుకున్నారు. మొదట ఎర్రమట్టి దిబ్బలు. ఫొటోల కోసమే అందరం అక్కడికి వెళ్తాం కదా, మాస్టారు మాత్రం పిడికెడు ఇసుక అబ్బాయి చేతిలో పోసి నలిపి చూడమన్నారు. వేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటికన్నా బాగా వెనక్కి తగ్గి ఉన్నప్పుడు బయటపడిన ఇసుకని గాలి ఎగరేసుకొచ్చి ఇక్కడ పోసిందట, అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడిందట. 2014 నుంచి ఇది జాతీయ భూవారసత్వ స్థలం. తర్వాత భీమిలిలో నది మొగ దగ్గర ఇడ్లీలు తిన్నాం. పావురాలకొండ పక్కనుంచి వచ్చిన ఆ నీళ్ళు చూపించి, "సాయంత్రం లోపు దీని మొదలు చూస్తారు, ఈ రంగు గుర్తుపెట్టుకోండి" అన్నారు. రోజంతా ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది.

తగరపువలస మీదుగా పద్మనాభం. 1794 జూలైలో చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణాలు వదిలిన చోటు ఇదే. కొండమీద అనంత పద్మనాభస్వామి గుడి, కింద కుంతీమాధవస్వామి గుడి, పక్కనే గోస్తని. ఇక్కడ ఇరవై నిమిషాలే ఇచ్చారు, మెట్లెక్కడానికి అది ఏ మూలకీ చాలదు. అమ్మ కింద నుంచే దణ్ణం పెట్టుకుంది, నాకు మనసు చివుక్కుమంది.

నాకు ఈ రోజంతటిలో బాగా నచ్చింది తాటిపూడి రిజర్వాయరు. విజయనగరం జిల్లాలోకి వెళ్ళాక గోస్తనికి కట్టిన ఆనకట్ట ఇది, 1960లలో కట్టారు. పొద్దున్నే నీళ్ళ మీద పొగమంచు, వెనకాల నీలంగా కొండలు వరసగా. విశాఖ నగరానికి తాగునీళ్ళు ఇచ్చే చోట్లలో ఇదొకటి. ఈ మాట పేపర్లో ఎన్నోసార్లు చదివాను, నిజమే, కానీ గట్టు మీద నిలబడి ఆ కొండల్ని చూస్తూ వింటే వేరేలా ఉంటుంది. ఎదురుగా ఉన్న కొండల్లో వాన పడితేనే మన వీధి కుళాయిలో నీళ్ళు. ఎండాకాలంలో రోజు విడిచి రోజు నీళ్ళొచ్చినప్పుడు బిందెలు పట్టుకుని మున్సిపాలిటీని తిట్టుకునేవాళ్ళం, ఈ కొండల మీద అడవి ఎలా ఉందో అని ఎవరైనా ఆలోచించామా? అమ్మ చాలాసేపు మాట్లాడకుండా చూసి, "ఇన్నాళ్ళూ ఈ నీళ్ళేనా తాగింది" అంది.

ఎస్.కోటలో (శృంగవరపుకోట) టీ తాగి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాం. మా అబ్బాయికి మాస్టారు ఒక థర్మామీటరు ఇచ్చి, ఆగినప్పుడల్లా రాయమన్నారు. ఎస్.కోటలో 29, అనంతగిరిలో 23. వెయ్యి మీటర్ల ఎత్తుకి సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుందని పుస్తకంలో ఉన్నదాన్ని వాడు చేత్తో రాసుకుని, ఇంటికొచ్చాక కూడా అందరికీ చూపిస్తున్నాడు. ఘాట్‌లో ఒకచోట రోడ్డు కోసం కొండని తొలిచిన గోడ దగ్గర వ్యాను ఆపించారు. ఆ రాయి పేరు ఖొండలైట్. ఈ కొండల్లో ఉండే ఖోండులనే గిరిజనుల పేరు మీదుగానే భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పేరు పెట్టారట. దగ్గరగా చూస్తే ఎర్రగా చిన్న చిన్న గింజలు కనిపిస్తాయి, అవి గార్నెట్ అనే ఖనిజం. సింహాచలం కొండా, కైలాసగిరీ ఇదే రాయి అనేసరికి మన ఊరి కొండలూ ఇవీ ఒకే కుటుంబం అనిపించింది.

మరి బొర్రాలో మాత్రమే అంత పెద్ద గుహ ఎందుకు? అక్కడ సున్నపురాయి ఉంది కాబట్టి. వాననీళ్ళు గాలిలో నుంచీ మట్టిలో నుంచీ బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని కొద్దిగా పులుపెక్కి, ఆ రాతిని లక్షల ఏళ్ళు కరిగించాయి. ఖొండలైట్ అలా కరగదు. 1807లో విలియం కింగ్ జార్జ్ అనే ఆయన ఈ గుహని గుర్తించాడని రాస్తారు, కానీ ఊరివాళ్ళ కథ వేరు: మేస్తున్న ఆవొకటి పైనున్న బిలంలోంచి లోపల పడితే, వెతుక్కుంటూ వెళ్ళిన కాపరికి శివలింగం కనిపించిందని, ఆవు పొదుగులోంచి పారినట్టు నీళ్ళు వచ్చాయి కాబట్టి గోస్తని అయిందని. లోపల ఆ పొదుగు ఆకారాన్ని చూసి అమ్మ చేతులు జోడించింది. కార్తీకమాసం ఆదివారం కావడంతో విపరీతమైన జనం, లైన్లోనే గంట పోయింది. ట్రిప్ వాళ్ళు ఇది ముందే ఊహించి ఉండాల్సింది.

గుహ బయట చెట్టు కింద కూర్చోబెట్టి సమతా తీర్పు గురించి చెప్పారు. ఈ చుట్టుపక్కల గిరిజనుల భూముల్లో, అడవిలో ఇచ్చిన గనుల లీజుల మీద సమతా అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమైనా సరే ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకి ఇవ్వకూడదని 1997లో కోర్టు చెప్పింది. ఇంత పెద్ద తీర్పు మన పక్కనే పుట్టిందని నాకు తెలియనందుకు బాధేసింది. ఈ కొండల నెత్తిన అల్యూమినియం తీసే బాక్సైట్ ఖనిజం ఉంది, గుల్లగా ఉండే ఆ పొర వాననీటిని పీల్చుకుని కింద ఊటలుగా, గెడ్డలుగా వదులుతుంది. దాన్ని తవ్వేస్తే ఊటలకి ఏమవుతుందో ఆలోచించుకోమని మా అబ్బాయినే అడిగారు.

ఆఖరున అనంతగిరి కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ మానుల మీదికి పాకించిన మిరియాల తీగలు. కాఫీ పళ్ళు ఎర్రబడి కోతకొచ్చాయి. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అనే గుర్తింపు, వచ్చింది. దూరంగా మెట్టల మీద వలిసె పూలు పచ్చగా విరగబూశాయి. ఇంకాస్త లోపలికి, పాడేరు వైపు కొండల్లో పడిన వాన మాచ్‌ఖండ్ నదిలోకి, అక్కడ్నుంచి సీలేరు, శబరి నదుల మీదుగా గోదావరిలోకి పోతుందట. ఇటు పడితే భీమిలి, అటు పడితే గోదావరి. మ్యాపు విప్పి వేలితో చూపించారు, అందరం మెడలు చాపి చూశాం.

ఇక నచ్చనివి. భోజనం మూడు గంటలకి పెట్టారు, షుగరున్న అమ్మకి అది చాలా ఇబ్బంది, నా దగ్గర బిస్కెట్లు ఉండబట్టి సరిపోయింది. చోడి అంబలి, రాజ్మా కూర, కోడికూర రుచిగానే ఉన్నాయి, అడ్డాకుల్లో వడ్డించారు, కానీ వేళకి పెట్టాలి. వెనక సీట్లలో కాళ్ళు చాపుకోవడానికి చోటు లేదు. ఆడవాళ్ళకి బాత్రూమ్ ఎక్కడ ఉంటుందో ముందే చెప్పరు, రెండుసార్లు దారిలో అడుక్కోవాల్సి వచ్చింది. అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది తిరుగు ప్రయాణం, మంచులో చీకట్లో ఘాట్ దిగాం. డ్రైవరు చాలా జాగ్రత్తగా నడిపాడు, అతని తప్పేమీ లేదు, కానీ నాలుగున్నరకే కొండ దిగడం మొదలుపెట్టాలి. ఇవన్నీ మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను, ఓపికగా విని రాసుకున్నారు.

నా లెక్కన ఐదుకి నాలుగు. ఆరో తరగతి దాటిన పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్ళండి, మరీ చిన్నవాళ్ళయితే విసుగొస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బొర్రాలో మెట్లు చూసుకుని దిగండి, తడిగా జారుతున్నాయి. ఆదివారం వద్దు, మామూలు రోజున వెళ్ళండి. ఆగస్టులో వానలప్పుడు నీళ్ళు బురదరంగులో పోటెత్తి వస్తాయని మాస్టారు చెప్పారు, ఆ ట్రిప్ వేస్తే కబురు చేయమన్నాను, అమ్మకి ముందు సీటు కావాలని ఇప్పుడే చెప్పిపెట్టాను.