అనంతపురం నుంచి కాజీగుండ్ దాకా: చలికి పేరుకున్న డీజిల్

జనవరి మొదట్లో అనంతపురం యార్డులో చీనీకాయల లోడు ఎత్తుకుని ఢిల్లీ ఆజాద్‌పూర్ పోయాం, నేనూ మా బామ్మర్దీ. అది ఎప్పుడూ పోయే దారే. దించాక ఖాళీగా రావడమెందుకని ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కూర్చుంటే, శ్రీనగర్‌కి కిరాణా సరుకుంది, తిరుగు ప్రయాణానికి ఆపిల్ లోడు ఖాయం అన్నారు. బాడుగ బాగుంది. మన ఊరి పక్క నుంచి పోయే 44వ నంబరు హైవేనే కదా శ్రీనగర్ దాకా పోయేది, చూసొద్దాం పా అనుకున్నాం. మాకు స్వెట్టర్లు, రగ్గులు కొన్నాం. బండికి కూడా చలి పెడుతుందన్న ఆలోచనే రాలేదు.

ముర్తల్‌లో పరాఠాలు తిన్నాం. రుచికి పేరు పెట్టడానికి లేదు గానీ అక్కడి పెద్ద ధాబాలన్నీ కార్లవాళ్ల కోసం కట్టినట్టుంటాయి, పన్నెండు చక్రాల బండి తిప్పుకోవడానికి చోటు వెతుక్కోవాలి. లారీవాడికి నిజమైన సుఖం పంజాబ్‌లో పఠాన్‌కోట్ దాటకముందు దొరికే చిన్న ధాబాల్లోనే. నులక మంచం, స్నానానికి బకెట్టు వేడినీళ్లు, బండికి కాపలా ఉంటాయి, అడక్కుండానే పప్పులో వెన్న వేస్తారు. రాత్రికి అక్కడే పడుకోండి, ఆ తర్వాత అంత మంచి చోటు మాకైతే దొరకలేదు.

మేం చేసిన తప్పు అంతకుముందే హర్యానాలో జరిగిపోయింది. రేటు తక్కువని ట్యాంకు నిండా కొట్టించాం. మన దేశపు ప్రమాణాల్లో ఫిల్టర్ గుండా డీజిల్ పారాల్సిన హద్దు వేసవి సరుకుకి 18 డిగ్రీలు, చలికాలం సరుకుకి 6 డిగ్రీలు. అంతకంటే చల్లబడితే పారుతుందన్న హామీ లేదు. ఈ సంగతి ఆ రోజు తెలిసుంటే ట్యాంకు సగం ఖాళీగా ఉంచుకుని పైన చలి ప్రాంతంలో పోయించుకునేవాణ్ణి, కనీసం డీజిల్ పేరుకోకుండా ఉండే మందన్నా కలిపేవాణ్ణి.

జమ్మూ దాటాక ఉధంపూర్ దగ్గర జఖేనీలో ఆపేశారు. పైన రాళ్లు పడ్డా, మంచు పడ్డా పెద్ద బండ్లను అక్కడ నిలబెడతారు. ఒకటిన్నర రోజు ఉన్నాం. టీ, రొట్టె దొరుకుతాయి గానీ బాత్రూముల సంగతి అడగొద్దు. బియ్యం, స్టవ్వు, చింతపండు మన వెంట ఉంటే అక్కడ మనమే రాజులం. వదిలాక పెద్ద టన్నెల్ దాటి పీరాలో రాజ్మా అన్నం తిన్నాం, పైన నెయ్యి, పక్కన దానిమ్మ గింజల పుల్లటి పచ్చడి. ఈ దారి మొత్తంలో ఒక్క పూట భోజనానికే మార్కులు వేయమంటే నేను పీరాకే వేస్తాను. అన్నం తినేవాళ్లం కదా, ఆ మాత్రం పక్షపాతం ఉంటుంది.

బనిహాల్ దగ్గర టన్నెల్ ఎనిమిదిన్నర కిలోమీటర్లు. అవతలి నోట్లోంచి బయటపడితే అంతా తెలుపే. కాజీగుండ్ చేరేసరికి చీకటి పడింది. డిసెంబరు 21 నుంచి 40 రోజులు అక్కడివాళ్లు చిల్లై కలాన్ అంటారు, చలికాలంలో అదే గట్టి చలి. మేం సరిగ్గా దాని నడుమ దిగాం. రోడ్డు పక్కన 700 రూపాయల గది తీసుకున్నాం. పరుపు మందంగానే ఉంది, రెండేసి బొంతలు ఇచ్చారు, ఇంటాయన కాంగ్రి, అంటే చలి కాచుకునే బొగ్గుల కుంపటి, తెచ్చి చేతికిచ్చాడు. కుళాయిలో మాత్రం నీళ్లు గడ్డకట్టాయి. మనుషులకి పెట్టిన మర్యాదకి పదికి ఎనిమిది వేస్తాను. బండిని మాత్రం రోడ్డు మీద, గాలికి ఎదురుగా వదిలి వచ్చాం, అది మా తెలివి.

పొద్దున ఫోన్‌లో మైనస్ 6. సెల్ఫ్ కొడితే ఇంజిన్ అందుకుంది, హమ్మయ్య అనుకున్నాను. రెండు నిమిషాలు తిరిగి దగ్గి ఆగిపోయింది. మళ్లీ కొట్టాను, మళ్లీ కొట్టాను. "బావా, డీజిల్ ఎక్కడం లేదు, బ్యాటరీ చంపుకోవద్దు" అని వాడు అరిచేదాకా కొడుతూనే ఉన్నాను. వాడి మాటే నిజమైంది, చలికి బ్యాటరీ అప్పటికే సగం నీరసంగా ఉంది.

ఫిల్టర్ విప్పితే లోపల తెల్లగా, చిక్కగా, డాల్డాలా ఉంది. మన ఇళ్లలో చలికాలం కొబ్బరినూనె పేరుకుంటే సీసాని ఎండలో పెడతాం చూడండి, ఇదీ అంతే. డీజిల్‌లో ఉండే మైనం చల్లబడితే గింజ కట్టి ఫిల్టర్ రంధ్రాలు మూసేస్తుంది. పైపుల్లో మిగిలిన డీజిల్‌తో రెండు నిమిషాలు నడిచింది, అంతే.

పక్క లారీవాడు కట్టెకి గుడ్డ చుట్టి అంటించి ట్యాంకు కింద పెట్టుకుంటున్నాడు. మమ్మల్నీ చేయమన్నాడు. దండం పెట్టాను. ఇంకొకాయన లీటరు కిరోసిన్ కలపమన్నాడు. మా నాన్న కాలంలో చెల్లిందేమో, బీఎస్6 బండిలో ఇంజెక్టర్లు పోతే వాటి బిల్లు ముందు ఈ బాడుగ ఎంత?

మెకానిక్ నడిచే వచ్చాడు, చేతిలో రెండు కెటిళ్ల వేడినీళ్లు. ఫిల్టర్ డబ్బాకి, పైపులకి గోనెపట్ట చుట్టి మెల్లగా పోశాడు. కింద డీజిల్‌లోని నీళ్లు తేరే గిన్నె విప్పితే అందులో మంచు ముక్క. కొత్త ఫిల్టర్ బిగించి, చేతి పంపు కొట్టి ఎయిర్ తీసి, పక్క బండి బ్యాటరీ తగిలించాడు. ఎండ కూడా కొంచెం సాయం చేసింది. మొత్తం మూడు గంటలు. ఫిల్టర్ ధర మన ఊరికంటే ఎక్కువే తీసుకున్నాడు గానీ కూలి దగ్గర న్యాయంగానే ఉన్నాడు, నాకేం ఫిర్యాదు లేదు.

ఆయన చెప్పినవి నాకు పనికొచ్చాయి. పేరుకోకుండా కలిపే మందు డీజిల్ ద్రవంగా ఉన్నప్పుడే పోయాలి, పేరుకున్నాక పోస్తే డబ్బు దండగ. రెండు ఫిల్టర్లు సీటు కింద ఉండాలి. సాయంత్రం బండి ఆపేముందు గిన్నెలో నీళ్లు వదలాలి. బండి ముఖాన్ని గోడ వైపు, గాలి తగలకుండా పెట్టాలి. పొగని శుద్ధి చేయడానికి పోసే యూరియా ద్రవం ట్యాంకు సంగతి అడిగాను, అది మైనస్ 11 దాకా గడ్డకట్టదు కాబట్టి ఇక్కడ భయం లేదన్నాడు. లద్దాఖ్ వేరే లోకం, అక్కడి కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 దాకా పారే డీజిలే విడిగా తెచ్చింది.

శ్రీనగర్‌లో దించడం, లస్సీపోరా కోల్డ్ స్టోరేజీలో ఆపిల్ ఎత్తడం ఏ తంటా లేకుండా జరిగాయి. అక్కడ రాత్రి నేను గదికి పోలేదు, మూడు గంటలకోసారి లేచి ఇంజిన్ తిప్పాను. డీజిల్ ఖర్చయింది, నిద్ర పోయింది, ఫిల్టర్ మిగిలింది. ఝాన్సీ దాటాక స్వెట్టర్ విప్పాను.

ఆ ట్రాన్స్‌పోర్ట్‌వాళ్లు వచ్చే జనవరికి కూడా వస్తారా అని ఇప్పటికే ఫోన్ చేశారు. వస్తాం, ఫిల్టర్లకీ మందుకీ డబ్బులు బాడుగ మీద వేరేగా ఇస్తేనే అన్నాను. ఆలోచించి చెప్తామన్నారు.