చదువు ముందా, నటన ముందా: ఎమ్మా స్టోన్ దారి, జోడీ ఫాస్టర్ దారి

అమెరికాలోని అరిజోనాలో ఉండగా, తర్వాత హాలీవుడ్ నటి అయిన ఎమ్మా స్టోన్ అమ్మానాన్నలను కూర్చోబెట్టి, తాను హాలీవుడ్‌కు ఎందుకు వెళ్లాలో కంప్యూటర్లో స్లైడ్లు వేసి మరీ చూపించింది. 2004 జనవరిలో, పదిహేనేళ్లకు, తల్లితో లాస్ ఏంజెలెస్ చేరింది. బాలనటిగా అప్పటికే పేరున్న జోడీ ఫాస్టర్ 1980లో యేల్ విశ్వవిద్యాలయంలో చేరింది.

ఖర్చు: ఎమ్మాకు కొత్త ఊళ్లో కాపురం, తోడుగా తల్లి. జోడీకి ఫీజులు, పైగా చేజారే పాత్రలు.

శ్రమ: ఎమ్మా ఆడిషన్ల మధ్య కుక్కల బిస్కెట్ల బేకరీలో పనిచేసింది, మొదటి సినిమా 2007లో గానీ రాలేదు. జోడీ మధ్యమధ్యలో నటిస్తూనే 1985లో పట్టా తీసుకుంది.

రిస్కు: కాలేజీ క్షేమం అనుకుంటాం. జోడీ వెంటపడిన ఉన్మాది ఆమె దృష్టిలో పడాలని 1981లో అమెరికా అధ్యక్షుడు రీగన్‌పై కాల్పులు జరిపాడు. అప్పటికి ఆమె విద్యార్థినే!

ఉత్తమ నటి ఆస్కార్లు ఇద్దరికీ రెండేసి: జోడీకి 1989, 1992, ఎమ్మాకు 2017, 2024.

ఇంకా పేరు రాక, ఇంట్లో ఒకరు వెంట రాగలిగితే ఎమ్మా దారి. చిన్నప్పుడే వెలుగు చూసి అలసినవారికి జోడీ దారి. వెంట వచ్చే మనిషి లేకపోతే మాత్రం, నన్నడిగితే, పదిహేనేళ్లకు రైలెక్కవద్దు.