కాజీపేట ఎండకు మూడు కిలోవాట్ల సోలారు: ఒక గార్డు సారు లెక్క

ముందు తీర్పు చెప్పేస్తా. నెలకు మూడు వందల యూనిట్లు దాటి కాల్చే ఇల్లయితే డాబా మీద సోలారు పెట్టించుకోండి. రెండు వందల లోపే వాడుతూ తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లయితే ఆ డబ్బు ఇంకో పనికి దాచుకోండి, రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో 2024 నుంచి మీకు సున్నా బిల్లు ఎలాగూ వస్తోంది. కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిరగాలన్న ఆశతో పెట్టించుకునేవాళ్లు మాత్రం ఇదంతా చదివాకే అడ్వాన్సు ఇవ్వండి.

నేను కాజీపేటలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాను. 2022లో ఆ పోస్టుకు ట్రైన్ మేనేజర్ అని పేరు పెట్టారు గానీ మా గల్లీలో నేను ఇప్పటికీ గార్డు సారునే. బండి ఏ స్టేషన్లో ఎన్నింటికి ఆగింది, ఎన్నింటికి కదిలింది అని ఏళ్ల తరబడి రాసిన చేయి ఊరికే ఉండదు. అందుకే రోజూ పొద్దుగూకే వేళకు మెట్ల కింద, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు దగ్గర నిలబడి ఆ రోజు యూనిట్లు, పక్కన ఎండ, మబ్బు, గాలి గురించి రెండు ముక్కలు నోటుబుక్కులో ఎక్కిస్తాను. "రిటైరైనా డ్యూటీ దిగలే గీయన" అని మా ఆవిడ పక్కింటామెతో అంటుంది. ఇన్వర్టరుకు ఫోన్‌లో యాప్ కూడా ఉంది. వైఫై పోయిందంటే అది అలిగి కూర్చుంటుంది.

మాది మూడు కిలోవాట్లది, 2024 దసరా వెళ్లాక పెట్టించాం. ఖర్చు రెండు లక్షలకు కాస్త అటూ ఇటూ. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు సబ్సిడీ. అది మన ఖాతాలోనే పడుతుంది. ఐదు కిలోవాట్లు పెట్టించినా 78 వేలు దాటదు. దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లకే సబ్సిడీ వర్తిస్తుంది కాబట్టి మరీ తక్కువ ధర చెప్పేవాణ్ని మొదట అదే అడగండి. జాగా కిలోవాటుకు సుమారు పది చదరపు మీటర్లు కావాలి. బట్టలారేసుకునే తీగెలు, వడియాల మంచం, ఎండు మిరపకాయలు అన్నీ ఓ మూలకు జరుగుతాయి. మా ఇంట్లో ఈ పంచాయతీ ఇంకా తెగలేదు.

ఇక డబ్బు సంగతి. ఎండాకాలం మా ఇంట్లో, కొడుకు గదిలో ఏసీతో కలిపి, నెలకు 450 యూనిట్ల దగ్గర కాలుతుంది. మన తెలంగాణలో రెండు వందలు దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచే 5.10 రూపాయలు. 201 నుంచి 300 దాకా 7.70, అక్కణ్నుంచి 400 దాకా 9, ఆ పైన 800 దాకా 9.50. లెక్కేస్తే 450 యూనిట్లకు 3,165 రూపాయలు. అందులో 330 యూనిట్లు డాబా మీద నుంచి వచ్చాయనుకోండి, నెట్ మీటరులో (మనం తీసుకున్న కరెంటులోంచి పంపింది తీసేసి లెక్కేసే మీటరు) మిగిలేది 120. అప్పుడు స్లాబే మారిపోతుంది: మొదటి వందకు 3.40, మిగతా ఇరవైకి 4.80. మొత్తం 436. ఫిక్స్‌డ్ చార్జీలవీ వేరే. అంటే సోలారు ఇచ్చిన ఒక్కో యూనిట్ ఎనిమిది రూపాయలకు పైనే మిగిల్చింది. లాభం అంతా ఈ స్లాబు దిగడంలోనే ఉంది. చలికాలంలో మా వాడకం తగ్గుతుంది, అప్పుడు మిగిలేదీ తక్కువే. ఏడాది మొత్తం కలిపి చూస్తే పెట్టుబడి తిరిగి రావడానికి ఆరేడేళ్లు పట్టేట్టుంది. అమ్మడానికి వచ్చిన అబ్బాయి మూడేళ్లన్నాడు. అమ్మేవాడు అట్లాగే అంటాడు.

ఇప్పుడు అందరూ పొరబడే విషయం. మే నెలలో ఎవరు ఎదురుపడినా ఒకటే మాట: "ఎండలు దంచుతున్నయ్ గదా సారూ, మీటరు ఉల్టా తిరుగుతుందా?" తిరగదు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. కంపెనీవాళ్లు చెప్పే వాట్లన్నీ సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. ఆపైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున తరుగు. మన రోహిణి కార్తెలో బయట 44, 45 ఉన్నప్పుడు ప్యానెల్ 65 దాకా కాగుతుంది. ఫ్రేము మీద వేలు పెట్టి చూశాను, అట్లకాడ కొసను తాకినట్టే అయింది. నలభై డిగ్రీల తేడా అంటే పద్నాలుగు శాతం ఆవిరి.

దానికి తోడు ఇంకోటుంది. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. అక్కణ్నుంచి జూలై నెలాఖరు దాకా మధ్యాహ్నం పూట నడినెత్తికి కాస్త ఉత్తరాన ఉంటాడు. ఆ రోజుల్లో పన్నెండింటికి నిలబడి చూసుకోండి, మన నీడ దక్షిణానికి పడుతుంది. ప్యానెళ్లేమో దక్షిణానికి వాలి ఉంటాయి. అందుకే నా నోటుబుక్కులో మంచి రోజులన్నీ మార్చి, ఏప్రిల్ మొదటి వారాల్లో ఉన్నాయి, పదమూడు పద్నాలుగు యూనిట్ల చొప్పున. రోళ్లు పగిలే ఎండలో పన్నెండే. వాన వెలిసి గాలి కడిగినట్టున్న సెప్టెంబరు మధ్యాహ్నాలు కూడా తీసిపోవు.

ఈ వేడి సంగతి రామగుండంలోని ఎన్టీపీసీ బొగ్గు కరెంటు కేంద్రంవాళ్లకు బాగా తెలుసు. అక్కడి రిజర్వాయరు నీళ్ల మీద వంద మెగావాట్ల తేలే సోలారు పెట్టారు. 2022 జూలైకి పూర్తయింది. నాలుగున్నర లక్షల ప్యానెళ్లు, ఐదు వందల ఎకరాల మేర. కింద నీళ్లుంటే ప్యానెళ్లు చల్లగా ఉండి కరెంటు ఎక్కువిస్తాయి, నీళ్లు ఆవిరవడమూ తగ్గుతుంది. ఒకప్పుడు నాకు రామగుండం అంటే కాలిన ఇనుము. బండి చివర గార్డు కూర్చునే బ్రేక్ వ్యానులో లైటు లేదు, ఫ్యాను లేదు. మే మధ్యాహ్నం బొగ్గు రేకు, అంటే బొగ్గు వ్యాగన్ల బండి, వెనక కూర్చుని జమ్మికుంటలోనో ఓదెలలోనో పక్కన ఆపే లూపు లైన్లో పడేస్తే, భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ దాటిపోయేదాకా తడి తువ్వాల నెత్తిన వేసుకుని ఎదురుచూడటమే. మంచిర్యాల వైపు గోదావరి బ్రిడ్జి ఎక్కిన ఆ కాసేపు మాత్రం గాలికి ప్రాణం లేచొచ్చేది.

ఎన్టీపీసీ బొగ్గు మేం తెచ్చింది కాదు. గనుల నుంచి వాళ్లకు సొంత రైలు మార్గమే ఉంది. మా రేకులు రాయచూరు, ముద్దనూరు కరెంటు కేంద్రాలకు పోయేవి. ఒక్కో రేకులో మూడున్నర వేల టన్నులు వేసుకోండి. యూనిట్ కరెంటుకు ముప్పావు కిలో దాకా బొగ్గు కాలుతుంది. అంటే ఒక రేకు దగ్గర దగ్గర యాభై లక్షల యూనిట్లు. మా డాబా ఏడాదికి నాలుగు వేలిస్తుంది. వెయ్యిస్తంభాల గుడి కట్టిన 1163లోనే ఈ ప్యానెళ్లు బిగించి ఉన్నా ఒక్క రేకు బాకీ ఇంకా తీరేది కాదు. మనవడికి ఈ లెక్క చెబితే క్యాలిక్యులేటరులో సరిచూసుకుని మరీ నమ్మాడు.

బిగించినవాళ్ల పనితనం మీద నాకు మంటగానే ఉంది. దసరా వెళ్లాక వచ్చారు, మధ్యాహ్నం నిలబడి "నీడేం లేదు సార్" అన్నారు. నీళ్ల ట్యాంకు ప్యానెళ్లకు దక్షిణాన ఉంది. అక్టోబరులో సూర్యుడు ఇంకా పైనే ఉంటాడు. డిసెంబరు నెలాఖరుకు మన దగ్గర మధ్యాహ్నం కూడా 48, 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. నీడ సాగి సాగి కింది వరస ప్యానెల్ మీదికి ఎక్కింది. ఒక మూల నీడ పడితే ఆ మూల వరకే తగ్గుతుందనుకుంటాం, కానీ ప్యానెళ్లన్నీ ఒకే తీగలో వరసగా ఉంటాయి కాబట్టి దెబ్బ దానికి మించి పడుతుంది. పది పదకొండు రావలసిన రోజుల్లో ఎనిమిదికి పడిపోయింది. ఫోన్ చేస్తే "చలికాలం గంతే ఉంటది సార్" అని సమాధానం. చివరికి మేస్త్రీని పిలిచి, ట్యాంకును ఉత్తరం మూలకు మార్పించి, పైపుల ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆ వారంలోనే అంకె లేచింది.

కరెంటు పోతే ఏమవుతుందన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. నడి ఎండలో, ప్యానెళ్లు మిలమిల మెరుస్తుండగా లైను పోతే ఇల్లు కూడా ఆగిపోతుంది. మాలాంటి, బయటి లైనుకు కలిపి నడిచే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు బయటి లైను లేకపోతే వెంటనే తనంతట తాను ఆగేట్టు చేస్తారు. లేకపోతే మన డాబా కరెంటు తీగెల్లోకి ఎక్కి స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. మా రైల్వేలో పైన 25 వేల వోల్టుల తీగె మీద పని ఉంటే బ్లాక్ తీసుకుని, అంటే ముందు ఆ లైను ఆపించి, ఎర్తు చేశాకే మనిషి ఎక్కుతాడు. ఆ పద్ధతి చూసినవాణ్ని కాబట్టి నాకు ఇది సబబే అనిపించింది. మా కోడలికి అనిపించలేదు. "రెండు లక్షలు పోసినా చీకట్లనేనా మామయ్యా?" అంది. బ్యాటరీ పెట్టుకునే హైబ్రిడ్ రకం ఉంది, ఖర్చు బాగా పెరుగుతుంది. మేం పాత ఇన్వర్టరు బ్యాటరీనే ఉంచుకున్నాం. ఈదురుగాలుల సాయంత్రాలకు అది చాలు.

వానాకాలం సంగతి పొడుగ్గా రాయనక్కర్లేదు. ముసురు పట్టిన రోజు మూడు నాలుగు యూనిట్లు, అంతే. ములుగు వైపు లక్ష్మీదేవిపేటలో 2023 జూలైలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది, మరుసటి ఏడు ఆగస్టు ఆఖరి రాత్రి ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. అలాంటి వానల్లో సోలారు ఎంతిచ్చిందని ఎవరు అడుగుతారు?

కోతుల గురించి మాత్రం రాయాలి, ఏ బ్రోచర్లోనూ ఉండదు కాబట్టి. మా వైపు పొద్దున గుంపుగా వస్తాయి. అద్దం గట్టిదే, అవి దూకినా పగల్లేదు. వాటి కన్ను తీగెల మీద. వేలాడే తీగె కనిపిస్తే పట్టి గుంజడమే. తీగెలన్నీ పైపులోంచి పోనివ్వమని పనివాళ్లను ముందే కూర్చోబెట్టి చెప్పండి. మావాళ్లు ప్లాస్టిక్ ట్యాగులతో కట్టి చేతులు దులుపుకున్నారు. తర్వాత నేనే పైపు తెచ్చి వేయించాను. కడగడం తెల్లవారుజామునే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు. కాగిన అద్దం మీద చల్లనీళ్లు పోయొద్దు. మా బోరు నీళ్లు ఉప్పన, ఆరితే తెల్లటి మరక మిగులుతుంది. అందుకని నల్లా నీళ్లు వచ్చే పూటే కడుగుతాను.

పగటి కరెంటు ఉంది కదా అని ఇండక్షన్ పొయ్యి కూడా కొన్నాం. అన్నం, పప్పు, పాలు దాని మీదే. కోడలికి నచ్చింది. మా ఆవిడ మాత్రం సర్వపిండికి గ్యాసు వెలిగిస్తుంది. గుండ్రటి అడుగున్న గిన్నె లోపల పిండిని అంచులదాకా ఒత్తి, వేళ్లతో గుంతలు పెట్టి నూనె వేసే పని అది. ఇండక్షన్‌కు చదునైన అడుగు కావాలి. "నీ సోలారు కోసం నా గిన్నె మారుస్తనా?" అంది. ఆ వాదనకు నా దగ్గర జవాబు లేదు, సర్వపిండి కూడా బాగుంది. కూలరా ఏసీనా అంటే ఏప్రిల్, మే పొడి ఎండల్లో కూలరే నయం. మృగశిర చినుకులు పడ్డాక గాలిలో తేమ ఎక్కి అది పనికిరాదు, అప్పుడు ఏసీ.

ప్యానెళ్లకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఇన్వర్టరుకు నాలుగు, యాప్‌కు ఒకటి. బిగించినవాళ్లకు రెండు, అదీ స్టాండు గట్టిగా ఉన్నందుకు. మీరు పెట్టించుకునేటప్పుడు ఏసీ కరెంటు వైపుకు, డీసీ కరెంటు వైపుకు, పిడుగు కడ్డీకి వేరువేరుగా మూడు ఎర్తింగ్ గుంతలు తవ్వారో లేదో దగ్గరుండి చూసుకోండి. డిసెంబరులో నీడ ఎక్కడ పడుతుందో కాగితం మీద గీసి చూపించమనండి. ఆఖరి వాయిదా మాత్రం నెట్ మీటరు బిగించి, తీగెలన్నీ పైపులోకి ఎక్కాకే ఇవ్వండి.