సీక్యాష్‌తో బ్రాంచి మారే భయం పోయింది, లింకింగ్ భయం అలాగే ఉంది

ఎల్ఎల్‌వీఎం అనే పెద్ద కంపైలర్ ప్రాజెక్టును, అందులోని సీ/సీ++ కంపైలర్ క్లాంగ్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేసేవాళ్లకి ఈ బాధ కొత్తేమీ కాదు. పాత బగ్ ఒకటి చూద్దామని, కోడ్ మార్పులను దాచే గిట్‌లో ఇంకో బ్రాంచికి వెళ్లి వెనక్కి వస్తాం. కోడ్‌లో ఒక్క అక్షరం మారదు. అయినా బిల్డ్ నడిపే నింజా అనే టూల్ మళ్లీ వేల ఫైళ్ల కంపైలింగ్ మొదలుపెడుతుంది. అది చూసేది ఫైలు మీదున్న టైమునే. గిట్ ఆ ఫైలును తిరిగి రాసింది కాబట్టి దాని లెక్కలో అది కొత్త ఫైలే.

సీక్యాష్ అనేది కంపైల్ ఫలితాలను దాచి మళ్లీ వాడే టూల్. అది టైము జోలికి పోదు. కోడ్, హెడర్లు, ఫ్లాగులు, కంపైలర్ ఇవన్నీ పాతవే అయితే, ఇదివరకు దాచిపెట్టిన ఆబ్జెక్ట్ ఫైలునే (కంపైల్ చేస్తే వచ్చేదాన్ని) తీసి ఇస్తుంది. ఇంతసేపు పట్టాల్సిన బిల్డ్ అప్పుడే అయిపోయిందేంటని మొదట్లో అనుమానం కూడా వచ్చింది. కొన్నేళ్లుగా దీన్ని వదలకపోవడానికి కారణం ఈ ఒక్క గుణమే.

చిక్కల్లా వర్క్‌ట్రీలతో వచ్చింది. రెండు బ్రాంచీలను పక్కపక్కన రెండు ఫోల్డర్లలో పెట్టుకుంటే మారే పనే ఉండదు కదా అనుకున్నాను. రెండో ఫోల్డర్‌లో బిల్డ్ పెడితే అన్నీ మిస్సులే, ఒక్క హిట్ లేదు, అంటే క్యాష్‌లో ఏదీ దొరకలేదు. కారణం వెతికితే రెండు విషయాలు తేలాయి. నింజాకి బిల్డ్ సూత్రాలు రాసిచ్చే సీమేక్ హెడర్ల దారులను పూర్తి పాత్‌లతో రాస్తుంది. పైగా డీబగ్ బిల్డ్‌లో ఏ ఫోల్డర్‌లో కంపైల్ చేశామో ఆబ్జెక్ట్ ఫైల్లోకి ఎక్కుతుంది, కాబట్టి సీక్యాష్ ఆ ఫోల్డర్ పేరును కూడా కావాలనే లెక్కలోకి తీసుకుంటుంది. మాన్యువల్ చూసి బేస్ డైరెక్టరీ (దాని కింది పూర్తి పాత్‌లను రిలేటివ్‌గా మార్చే సెట్టింగు) సెట్ చేసి, ఫోల్డర్ పేరును లెక్కలోకి తీసుకోవద్దని చెప్పాను. హిట్లు వచ్చాయి, ఆనందం కూడా వచ్చింది. ఆ తర్వాత జీడీబీ అనే డీబగ్గర్‌లో బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాం ఆగాల్సిన చోటు) పెడితే అది పోయి ఒక కామెంట్ లైను మీద ఆగింది! చూస్తే, క్యాష్ ఇచ్చిన ఆబ్జెక్ట్ మొదటి ఫోల్డర్‌లో పుట్టింది, జీడీబీ తెరిచింది అక్కడి సోర్స్‌నే. ఆ ఫోల్డర్ అప్పటికి వేరే కమిట్ మీద ఉంది. చివరికి డీబగ్ ప్రిఫిక్స్ మ్యాప్ అనే కంపైలర్ ఫ్లాగుతో పాత్‌లను చుక్కగా (అంటే ఇప్పుడున్న ఫోల్డర్‌గా) మార్చి, జీడీబీని బిల్డ్ ఫోల్డర్ నుంచే నడపడం అలవాటు చేసుకున్నాను. సీక్యాష్ తప్పు చేసిందనలేను. నేను అడిగిందే చేసింది. కానీ ఆ సెట్టింగు మార్చేవాళ్లకు ఈ సంగతి ముందే తెలియాలి.

పైన అంత పొగిడాను గానీ, క్యాష్ ఖాళీగా ఉన్నప్పుడు మొదటి బిల్డ్ మామూలు కంటే కాస్త నెమ్మదే. మొదట్లో ఉండే 5 జీబీ పరిమితి ఎల్ఎల్‌వీఎం డీబగ్ బిల్డ్‌కి ఏ మూలకూ చాలదు. నిండాక పాతవి తీసేస్తూ పోతుంది, మనకు మాత్రం హిట్లు తగ్గాయనే తెలుస్తుంది. నేను 40కి పెంచాను.

ఇక లింకింగ్, అంటే ఆబ్జెక్ట్ ఫైళ్లను కలిపి ప్రోగ్రాం చేయడం. అది సీక్యాష్ పని కాదు. స్టాటిస్టిక్స్‌లో లింకు కాల్స్‌ను క్యాష్ చేయలేనివాటి కింద విడిగా చూపిస్తుంది, అంతే. కంపైలింగ్ క్షణాల్లో అయిపోవడంతో క్లాంగ్, ఆప్ట్ లాంటి పెద్ద బైనరీల లింకర్లన్నీ చిన్న పందిట్లో జనమంతా మొదటి బంతికే కూర్చున్నట్టు ఒకేసారి దిగుతాయి. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 16 జీబీ ర్యామ్. అది చాలక కర్నల్ ఏదో ఒక లింకర్‌ను చంపేస్తుంది, మనకు మిగిలేది సిగ్నల్ 9 అనే ఒక్క ముక్క. ఎల్ఎల్‌వీఎం సీమేక్‌లో ఒకేసారి ఎన్ని లింకులు నడవాలో చెప్పే ఆప్షన్ ఉంది, దాన్ని ఒకటికి కుదించాను. స్ప్లిట్ డ్వార్ఫ్ (డీబగ్ సమాచారాన్ని విడి ఫైళ్లలో పెట్టే పద్ధతి) ఆన్ చేసి, లింకర్‌గా ఎల్ఎల్‌వీఎం వాళ్లదే అయిన ఎల్ఎల్‌డీ పెట్టాను. అప్పటికి గానీ టెన్షన్ తగ్గలేదు.

రోజూ బ్రాంచీలు మారుతూ ప్యాచ్‌లు చూసుకునే నాలాంటివాళ్లకి సీక్యాష్ లేకపోతే కష్టం. ఒక్కసారి బిల్డ్ చేసి ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్లకి దీనితో పెద్దగా పని లేదు. వాళ్లు తమ లినక్స్ డిస్ట్రో ఇచ్చే రెడీమేడ్ ప్యాకేజీ తీసుకోవడమే నయం. 64 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లకి నా లింకింగ్ గోల అతిగా అనిపించవచ్చు.