కిటికీ అద్దాలు కడిగే ఏడాది ప్యాకేజీకి ముందే మొత్తం డబ్బు కట్టకండి

మియాపూర్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్ మాది. ఒక ఆదివారం మా గేటు దగ్గర క్లీనింగ్ ఏజెన్సీ వాళ్లు టేబుల్ వేసుకుని కూర్చున్నారు. "నెలనెలా కడిగించకపోతే రెండేళ్లలో అద్దాలు మార్చుకోవాల్సి వస్తుంది మేడమ్" అన్నారు. పక్కనే అపార్ట్‌మెంట్లు కడుతున్నారు, రోజూ ఆ దుమ్ము చూస్తూనే ఉన్నాను కాబట్టి నిజమే అనుకున్నాను. ఇంటికీ, మావారి కళ్లజోళ్ల షాపుకీ కలిపి ఏడాదికి 26,000 రూపాయలు అక్కడికక్కడే ఫోన్లో కట్టేశాను. నేను చేసిన పెద్ద తప్పు అదే.

మొదటిసారి వచ్చిన కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. బెల్టు లేకుండా కిటికీ బయట సజ్జ మీద నిలబడ్డాడు. నా గుండె ఆగినంత పనైంది. "బెల్టు ఏది బాబూ?" అంటే "అలవాటేనక్కా" అన్నాడు. లోపలికి పిలిచి పని ఆపించాను. ఏజెన్సీకి ఫోన్ చేస్తే తాడు, బెల్టు పంపిస్తామన్నారు. ఒక్కసారి కూడా పంపలేదు. ఆ తర్వాత లోపలి నుంచి చెయ్యి అందినంత వరకే కడగమన్నాను.

రెండో నెల మా బోరు నీళ్లతోనే కడిగి, వైపర్‌తో లాగకుండా, తుడవకుండా ఎండలో వదిలేసి వెళ్లిపోయారు. సాయంత్రానికి అద్దం నిండా తెల్లటి మచ్చలు. ఉప్పు నీళ్లు అద్దం మీదే ఆరిపోతే అందులోని సున్నం అలాగే ఉండిపోతుంది. కొత్త మచ్చలైతే వెనిగర్‌లో నీళ్లు కలిపి, మెత్తటి గుడ్డతో అద్దం వరకే తుడిస్తే చాలావరకు పోతాయి. నాకప్పుడు ఆ సంగతి తెలియదు. మచ్చలు పోవడం లేదని వాళ్లకే చెప్పాను.

మూడో నెల లేబుల్ లేని సీసాలో యాసిడ్ తెచ్చారు. దాన్ని పోసి స్టీల్ పీచుతో రుద్దారు. హాల్లోవి రిఫ్లెక్టివ్ అద్దాలు, వాటి పూత గీతలు పడిపోయింది. బ్రౌన్ రంగు అల్యూమినియం ఫ్రేముల మీద తెల్లటి చారలు తేలాయి. ఇప్పుడు ఉదయం ఎండ పడితే అద్దం మసకగా, పొగ పట్టినట్టు కనిపిస్తోంది. అద్దాల షాపతన్ని పిలిచి చూపిస్తే, ఇది పాలిష్‌తో పోదు, మార్చాల్సిందేనన్నాడు. దుమ్ము వల్ల అద్దం పాడవుతుందని భయపెట్టినవాళ్లే అద్దాన్ని పాడుచేశారు.

యాసిడ్ సీసా తెచ్చినవాళ్లని లోపలికి రానివ్వకండి. మరకలు తీసే మందుల్లో కొన్నిటిలో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. అది గాజునే తినేస్తుంది, చర్మానికి తగిలితే ప్రాణాపాయం కూడా. ఆ కుర్రాడి చేతులకు గ్లౌజులైనా లేవు.

ఇక ఎన్నాళ్లకోసారి కడిగించాలి అన్న విషయం. ఇంటికీ షాపుకీ ఒకే లెక్క పెట్టడంలోనే వాళ్ల మోసం ఉంది. మా ఇంటికి నెలకోసారి అక్కర్లేదు. వానలు తగ్గాక దసరాకో దీపావళికో ఒకసారి, ఎండాకాలం ధూళి గాలులు అయ్యాక ఒకసారి, మధ్యలో సంక్రాంతికి బూజు దులిపేటప్పుడు ఇంకోసారి కడిగితే సరిపోతుంది. పక్కన కట్టడం జరుగుతున్నంతకాలం ఆ వైపు కిటికీలు మాత్రం రెండు నెలలకోసారి. వంటింటి కిటికీకి నూనె జిడ్డు పడుతుంది కాబట్టి దాన్ని మనమే సబ్బు నీళ్లతో తరచూ తుడుచుకోవాలి. షాపు సంగతి వేరు. రోడ్డు దుమ్ము, వేలిముద్రలు, వాన చినుకుల మరకలతో ముందు అద్దం వారానికే పాడవుతుంది. నెలకోసారి వచ్చినందువల్ల అక్కడ ఏ లాభమూ లేదు. ఇప్పుడు మా షాపు అబ్బాయే వారానికి రెండుసార్లు, ఎండ ఎక్కకముందే తుడుస్తున్నాడు.

వానాకాలానికి ముందు స్లైడింగ్ ట్రాక్ తప్పకుండా శుభ్రం చేయించండి. దాని అడుగున నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో మూసుకుపోతే వాన నీళ్లు ఇంట్లోకే వస్తాయి. మూడు నెలల్లో వాళ్లు ఒక్కసారి కూడా ట్రాక్ ముట్టుకోలేదు.

మిగతా నెలల డబ్బు తిరిగి ఇమ్మని అడిగితే "గీతలు ముందే ఉన్నాయి" అన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. పని మొదలుపెట్టకముందు అద్దాల ఫొటోలు తీసి ఉంటే నా దగ్గర ఆధారం ఉండేది. మీరైనా తీసి పెట్టుకోండి. ఏ పూటకాపూట, పని చూశాకే డబ్బివ్వండి. రసీదు అడిగి తీసుకోండి.

నా దగ్గర డబ్బు కట్టిన మెసేజ్, వాళ్ల కరపత్రం ఉన్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కేసులకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెయ్యాలి. మీ గేటు దగ్గర కూడా ఇలాంటి టేబుల్ కనిపిస్తే, ఏ నీళ్లు వాడతారు, ఏ మందు వాడతారు, కుర్రాళ్లకి బెల్టు ఉందా అని ముందు ఈ మూడూ అడగండి.