వీధి ఆహార బీరువాకు రేకుల గూడు: ఆటోనగర్ ఫ్యాబ్రికేషన్ పనిపై నా అభిప్రాయం

విజయవాడ పటమటలో మా వీధి మొదట్లో, అపార్టుమెంటు ప్రహరీని ఆనుకొని, అందరి కోసం ఒక ఆహార బీరువా ఉంది. ఇవ్వగలిగినవారు బియ్యం, కందిపప్పు, గోధుమపిండి, నూనె ప్యాకెట్లు అందులో పెడతారు. అవసరమైనవారు ఎవరినీ అడగకుండా తీసుకుంటారు. దానికి ఎండావానల నుంచి కాపుదలగా ఒక గూడు చేయించే పనిని ఆటోనగర్‌లోని ఒక ఫ్యాబ్రికేషన్ షాపుకు అప్పగించాము. ఇప్పటికి అన్ని కాలాలూ చూసింది కనుక పని ఎలా ఉందో చెప్పవచ్చు.

చట్రానికి వంక పెట్టలేము. జీఐ పైపును (జింకు పూత వేసిన ఇనుప పైపును) వెల్డింగ్ చేస్తే ఆ వేడికి జింకు పూత కాలిపోయి, తుప్పు సరిగ్గా అతుకు దగ్గరే మొదలవుతుంది. వీరు ప్రతి అతుకునూ గ్రైండింగ్ చేసి, తుప్పు పట్టకుండా ఆపే రెడాక్సైడు పూత పూసి, ఆ తరువాతే రంగు వేశారు. బీరువాను మోకాటి ఎత్తు దిమ్మె మీద నిలపడం కూడా మంచి ఆలోచనే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళను ముంచినంత నీటికి ఏ దిమ్మే ఆగదు గాని, పెద్దవాన పడినప్పుడల్లా రోడ్డు మీద నిలిచే నీటికి ఇది చాలు.

చిక్కంతా కప్పుతోనే వచ్చింది. బీరువా ముఖం తూర్పుకు ఉండడం వల్ల నైరుతి రుతుపవనాల జల్లు వెనుక రేకుకే తగిలి జారిపోయింది. అయితే అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే గాలి తూర్పు నుంచి, ఈశాన్యం నుంచి వీస్తుంది. అందుకే ముందువైపు చూరు రెండడుగులు ఉండాలని ముందే చెప్పినా, వారు ఒక్క అడుగుతో సరిపెట్టారు; ఆ జల్లుకు కింది అరలోని గోధుమపిండి సంచి అడుగంతా ముద్దకట్టింది. స్క్రూలను మరీ బిగించడంతో రబ్బరు వాషర్లు నలిగి, ఎండకు పగిలి, రేకు రంధ్రాల నుంచి చుక్కలు పడసాగాయి. మనిషిని పంపి వాషర్లు మార్చారు. చూరు పెంచడానికి మాత్రం వేరే డబ్బు అడిగారు, అది న్యాయం కాదు.

వాన కంటే ఎండే ఎక్కువ నష్టం చేసింది. మూడు వైపులా రేకు బిగించి ఎక్కడా గాలి సందు వదలకపోవడంతో, రోహిణి కార్తెలో పడమటి ఎండ వెనుక రేకును కాల్చి, లోపలి బెల్లం కారి, క్రీము బిస్కెట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తరువాత చూరు కింద రెండు వైపులా రేకు కోయించి, ఎలుకలు దూరకుండా సన్నని ఇనుప జాలీ వేయించి, కప్పు లోపలివైపు ఫోము షీటు అంటించాక గాని వేడి తగ్గలేదు. చీమల సంగతి షాపువారికి సంబంధం లేదు. బీరువా కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టుకున్నాము.

కూలి ఇనుము బరువును బట్టి, కిలోల లెక్కన తీసుకుంటారు కనుక తూకం వేసేటప్పుడు దగ్గర ఉండడం మంచిది. చట్రం వరకైతే మళ్ళీ వీరికే ఇస్తాను. కప్పు పని ఇచ్చేముందు మాత్రం చూరు కొలతను, గాలి సందులను కాగితం మీద రాయించుకొని, ఆ తరువాతే అడ్వాన్సు ఇస్తాను.